నల్గొండలో మాకో చర్చి

బ్యాంకు ఉద్యోగంలో నన్ను మెదక్ నుంచి నల్గొండకు బదిలీ చేసినప్పుడు ఇల్లు, పిల్లవాడి స్కూలు, గ్యాస్ కనెక్షన్ అన్నీ నెల తిరక్కుండానే కుదిరాయి. చర్చి ఒక్కటే ఎంతకీ కుదరలేదు. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకు వెళ్ళిపోతాడు. ఇంట్లో ఉండేది నేను, ఆరో తరగతి చదివే మా అబ్బాయి, మా అత్తమ్మ. చర్చి విషయంలో పట్టింపు ఎక్కువ ఆమెదే.

అత్తమ్మ మెదక్‌లో పుట్టి పెరిగింది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ పెద్ద గుడి కట్టేటప్పుడు వాళ్ళ తాత రాళ్ళు మోశాడట. కరువు రోజుల్లో ఆ గుడి కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టకుండా పని ఇచ్చి అన్నం పెట్టాడని మెదక్ వాళ్ళందరూ చెప్పుకునే కథే మా ఇంట్లోనూ నడుస్తుంటుంది. అట్లాంటి మనిషికి మోకాళ్ళ నొప్పులు. నడిచిపోయేంత దూరం, లేదంటే ఒక్క ఆటోతో చేరేంత దూరం, అంతకంటే ఎక్కువైతే ఆమె వల్ల కాదు. కాబట్టి మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చే కావాలని పట్టుబట్టకుండా దగ్గరలో ఏముంటే అందులోకి వెళ్దామనుకున్నాం.

మొదట వెళ్ళింది పెద్ద రేకుల హాలులో జరిగే సంఘానికి. వందల మంది వస్తారు. స్టేజీ, లైట్లు, కీబోర్డు, ప్యాడ్స్, యూట్యూబ్ లైవ్. మా అబ్బాయికి తెగ నచ్చింది. ఆరాధన మధ్యలో "మొదటిసారి వచ్చినవాళ్ళు దయచేసి నిలబడండి" అన్నారు. నిలబడ్డాం. ఒక యువకుడు మైకు పట్టుకుని వచ్చాడు, వెనకాలే కెమెరా వచ్చింది. పేరు, ఊరు, ఏం చేస్తారు? బ్యాంకులో పని అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చేసరికి ఇద్దరు ముద్ర లోను గురించి అడిగారు. ఫోన్ నంబరు, పుట్టినరోజు, పెళ్ళిరోజు, ప్రార్థన అవసరత రాయమని ఒక ఫారం కూడా ఇచ్చారు. ఆ రాత్రి నుంచే వాట్సాప్‌లో రోజుకో వాగ్దాన వాక్యం, దాని కింద కానుకలకు క్యూఆర్ కోడ్ రావడం మొదలైంది.

వాళ్ళను తప్పు పట్టను. అంతమంది వచ్చే చోట కొత్తవాళ్ళను గుర్తుపట్టడానికి ఏదో ఒక పద్ధతి ఉండాలి కదా. పుట్టినరోజు నాడు ఫోన్ కూడా చేశారు. కానీ అత్తమ్మకు ఆ కెమెరా పడలేదు. "దేవుని దగ్గరికి పోతే ఫొటో ఎందుకు దిగాలె?" అని ఒకటే గొణుగుడు. పైగా ఆమెకు తెలిసిన పాట ఒక్కటీ పాడలేదు. అదీ అసలు బాధ.

కెమెరా సంగతి నేను తేలిగ్గానే తీసుకున్నాను గానీ, తర్వాత వేరే వాళ్ళతో మాట్లాడితే దాని బరువు తెలిసింది. మా ప్రాంతాల్లో చర్చికి వచ్చే ప్రతి ఒక్కరూ రిజిస్టర్‌లో పేరు రాయించుకోరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఎస్సీ హోదా ఉంది. క్రైస్తవుల్లోకి వస్తే పోతుంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళను మన దగ్గర బీసీ-సీ గ్రూపులో పెట్టారు. దానికి ఉన్నది 1 శాతం. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉన్న తల్లి, లైవ్‌లో తన ముఖం పడితే ఏమవుతుందో అని చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. ఇంట్లో చెప్పకుండా వచ్చే కోడళ్ళు కూడా ఉంటారు. అట్లాంటి మనిషిని లేపి నిలబెట్టి చప్పట్లు కొడితే మళ్ళీ వస్తుందా?

తర్వాత మా కాలనీలోనే ఒక ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి వెళ్ళాం. పది పన్నెండు కుటుంబాలు. జంపఖానా పరిచి కూర్చోవడం, అయిపోయాక టీ, ఉస్మానియా బిస్కెట్లు. ఎంతో ఆప్యాయంగా చూశారు. మా అబ్బాయికి జ్వరమొస్తే ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. కొన్నాళ్ళు పోయాక ఆ ఇంటావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, టీ వడపోస్తూ, "మీ ఇంటిపేరు ఏమన్నరు? మెదక్‌లో అంటే ఏ వాడ?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మన వాళ్ళందరికీ తెలుసు. మేం ఎవరిమో చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, చెప్పాను. మరుసటి వారం నుంచి మర్యాద అదే, టీ అదే. కానీ మా అబ్బాయి ఈడు పిల్లలున్న రెండు కుటుంబాలు మాతో మాట్లాడటం తగ్గించాయి. ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. అననిదాని మీద గొడవ పెట్టుకోలేం. మానేశాం. చర్చిలో అందరూ ఒక్కటే అనే వాక్యం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను. సంబంధాలు కలుపుకునే దగ్గర అది పని చేయదని అందరికీ తెలిసి ఊరుకుంటాం.

మూడోది ఇప్పుడు మేం వెళ్తున్న బాప్టిస్టు చర్చి. నల్గొండలో బాప్టిస్టుల పని పాతదే. రష్యా నుంచి వచ్చిన, మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన దంపతులు ఫ్రీసెన్‌లు 1890లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఇక్కడ మొదలుపెట్టారు. మహబూబ్‌నగర్‌లో అంతకు కొన్నేళ్ళ ముందే మొదలైంది. మేం వెళ్ళేది అంత చరిత్ర ఉన్నదేం కాదు, ఒక చిన్న సంఘం. సున్నం గోడలు, ఇనుప గేటు, గేటు పక్కన చెప్పుల కుప్ప.

మేం వెళ్ళింది నెలలో మొదటి ఆదివారం. గేటు దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ అని తర్వాత తెలిసింది. వందనాలు చెప్పి, "ఏ సంఘం బిడ్డా మీది?" అని అడిగాడు. మెదక్, సీఎస్ఐ అన్నాను.

"మంచిది. ఇయ్యాల మాకు బల్ల ఉన్నది. మా దగ్గర ముంచి ఇచ్చిన బాప్తిస్మం తీసుకున్నోళ్ళే పాలు పొందుతరు. పళ్ళెం మీ దగ్గరికి వస్తే పక్కవాళ్ళకు అందియ్యండి. ఏమనుకోవద్దు. అయినంక పోకండి, మాట్లాడుకుందాం."

బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు సంస్కారం. మాది పసిప్పుడు నీళ్ళు చల్లి ఇచ్చిన బాప్తిస్మం. అత్తమ్మ ముఖం మాడిపోయింది. సీఎస్ఐలో మేం వరుసగా ముందుకు వెళ్ళి, మోకరించి, చేతులు చాపి రొట్టె తీసుకుంటాం, ఒకే గిన్నెలోంచి తాగుతాం. ఇక్కడ కూర్చున్నచోటికే పళ్ళెం వస్తుంది, ద్రాక్షరసం బుల్లి గ్లాసుల్లో వస్తుంది. ఇంటికి వచ్చేదాకా ఆమె ఒకటే మాట. "రొట్టె నా చేతుల మీదికెల్లి పోయింది. నోట్లకు రాలే."

నాకు మాత్రం ఆ కండక్టర్ నచ్చాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ స్నేహితురాలితో ఒక చర్చికి వెళ్తే, ఇదే పళ్ళెం నా ముందుకు వచ్చాక ఒకాయన దాన్ని గాల్లోనే ఆపి, అందరికీ వినబడేటట్టు "బాప్తిస్మం అయిందా?" అని అడిగాడు. ఆ వయసులో అట్లాంటి ప్రశ్నకు జవాబు చెప్పడమంటే ఎట్లా ఉంటుందో ఆడపిల్లలకు తెలుసు. ఆయనకీ, ఈయనకీ రూలు ఒక్కటే. ఈయన దాన్ని గేటు దగ్గరే, మా ముగ్గురికే వినబడేటట్టు చెప్పాడు. లోపల ఏం జరగబోతుందో ముందే తెలిసింది కాబట్టి చెయ్యి వణక్కుండా పళ్ళెం అందించగలిగాను. నవ్వులు, షేక్‌హ్యాండ్లు, పూలదండలు ఎన్నయినా ఇవ్వచ్చు. కొత్తగా వచ్చినవాడు నలుగురిలో నగుబాటు కాకుండా చూడటం వీటన్నిటికంటే ముందు రావాలని నా లెక్క.

తర్వాతి వారం పాస్టరు గారు, వాళ్ళ అమ్మగారు ఫోన్ చేసి, వీలు కనుక్కుని ఇంటికి వచ్చారు. జీతం ఎంత అని గానీ, దశమ భాగం మాట గానీ ఎత్తలేదు. అత్తమ్మ మాత్రం టీ గ్లాసు చేతికిస్తూనే మొదలుపెట్టింది.

"పసిపిల్లప్పుడు మా నాయిన నన్ను గుడికి ఎత్తుకపోయిండు అయ్యగారూ. పదిహేనేండ్లకు బిషప్ గారు నెత్తిమీద చెయ్యి పెట్టి కన్ఫర్మేషన్ ఇచ్చిండు. ఇన్నేండ్లు తిన్న రొట్టె ఉత్తదా?"

"ఉత్తదని నేను అనలేనమ్మా. మా రూల్లో దానికి చోటు లేదు, అంతే."

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్ళు కలిసి సీఎస్ఐ అయ్యారు. బాప్టిస్టులు అందులో చేరలేదు. అందుకే సీఎస్ఐ నుంచి సీఎస్ఐకి ఉత్తరం తెచ్చుకుంటే నేరుగా సభ్యులైపోతారు, ఇక్కడ మాత్రం అట్లా కుదరదు. మళ్ళీ బాప్తిస్మం తీసుకోమని బలవంతపెట్టను, ఎప్పుడైనా మీకే అనిపిస్తే చెప్పండి అని లేచారు. అత్తమ్మ గడప దాకా వెళ్ళి, "నాకు ఒక్కసారి అయింది. రెండోసారి కాదు" అని తేల్చేసింది. ఆయన నవ్వి చెప్పులు వేసుకున్నారు. ఇప్పటికీ ఆ విషయంలో ఎవరి మాట వాళ్ళదే. నేనూ తీసుకోలేదు. ఓటు లేదు, బల్ల లేదు. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మా ఆయన మమ్మల్ని మెదక్ తీసుకెళ్తాడు, సంస్కారం అక్కడే.

మరి అయినా ఎందుకు అక్కడికే వెళ్తున్నాం అంటే, ముందు పాటల గురించి చెప్పాలి. మన తెలుగు క్రైస్తవ కీర్తనలు ఏ ఒక్క సంఘానివీ కావు. బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్ఐ వాళ్ళు అందరూ అవే పాడతారు. పుస్తకంలో ప్రతి కీర్తన మీదా రాగం, తాళం పేరు రాసి ఉంటుంది. కానీ ఇప్పటి పిల్లలకు ఆ వరుసలు రావు. మహిళా సమాజం కూడికలో ఒకావిడ పాత కీర్తన ఎత్తుకుని రెండో చరణం దగ్గర ఆగిపోయింది. వెనక కుర్చీలోంచి అత్తమ్మ అందుకుంది. నాలుగు చరణాలూ, పుస్తకం చూడకుండా. పాట అయ్యాక ఎవరూ మెచ్చుకుంటూ కూర్చోలేదు. కండక్టర్ గారి భార్య, "పెద్దమ్మా, వచ్చే వారం మా యూత్ పోరగాండ్లకు ఇది నేర్పుతవా?" అని అడిగింది. అంతే. అప్పటి నుంచి శనివారం సాయంత్రం మా వరండాలో అయిదారుగురు పిల్లలు, ఒక డోలక్. సభ్యత్వం లేని మనిషికి సంఘంలో పని దొరికింది. ఆమెకు ఇంక ఆదివారం మోకాళ్ళ నొప్పులు గుర్తు రావు.

మోకాళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా చర్చిలో మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళు కొందరున్నారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళు. ఒకాయన మెడ తిప్పలేడు, ఎవరైనా పలకరిస్తే మనిషంతా తిరగాలి. అందుకే ఇక్కడ "మోకాళ్ళ మీద ఉండి ప్రార్థిద్దాం" అని ఎవరూ అనరు. "ఎట్ల వీలైతే అట్ల ఉండండి" అంటారు. వెనక రెండు వరుసలు కుర్చీలు వాళ్ళవి, ఎంత పెద్ద అతిథి వచ్చినా అవి తీయరు. గేటు నుంచి లోపలికి మెట్ల బదులు వాలుగా సిమెంటు పోశారు. ఎవరి పేరూ రాయలేదు దాని మీద, అదొక విశేషం. మన చర్చిల్లో ఫ్యాన్ రెక్కల మీద కూడా దాత పేరు ఉంటుంది.

కానుకల దగ్గరా ఒక పద్ధతి పెట్టుకున్నారు. పళ్ళెం బదులు గుడ్డసంచి తిప్పుతారు, లోపల ఎంత పడిందో పక్కవాడికి కనబడదు. ఎవరెంత ఇచ్చారో మైకులో చదవరు. ఇది వచ్చింది ఈ మధ్యేనట. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, పేదవాడికి నేల మీద చోటు ఇచ్చేవాళ్ళను తిట్టిన భాగం మీద పాస్టరు గారు ప్రసంగం చేశాక, కమిటీలో పెద్ద రగడ జరిగి, చివరికి ఆ చదవడం మానేశారు. అది నచ్చక ఒకరిద్దరు ఇవ్వడం తగ్గించారని కూడా విన్నాను. నిజమే అయి ఉంటుంది.

కోత పండుగ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ అంతా బహిరంగమే. ఎవరి పంట వాళ్ళు తెస్తారు. వడ్ల బస్తాలు, బత్తాయి గంపలు, నాటుకోళ్ళు, గుమ్మడికాయలు, అరిసెలు. ఆరాధన అయ్యాక వేలం. కండక్టర్ గారే పాట పాడతారు, టికెట్లు కొట్టిన గొంతు కదా, మైకు అక్కరలేదు. కూలికి పోయే ఒక ముసలామె ఒక్క ఆనిగెపుకాయ తెచ్చింది. దాని పాట ఇరవై రూపాయల దగ్గర మొదలై ఎక్కడికో పోయింది. అందరికీ తెలుసు, అది ఆ కాయ ధర కాదని. చివరికి అత్తమ్మ మూడు వందలకు పాడేసింది, నా పర్సు చూసుకోకుండా. వారం రోజులు ఇంట్లో ఆ కాయ గురించే మాటలు. ఆ ముసలామె ఇప్పుడు అత్తమ్మను వదినా అని పిలుస్తుంది. ఈ చర్చిలో "సిస్టర్" తక్కువ, వరసలు ఎక్కువ. మొదట్లో నాకు ఎబ్బెట్టుగా ఉండేది. వరస కలిపాక ఇంటిపేరు అడిగే అవసరం పడదని తర్వాత అర్థమైంది.

అంతా బాగుందని రాయలేను. కమిటీలో ఆడవాళ్ళు ఒక్కరే, ఆమె కూడా మాట్లాడదు. ప్రసంగం ఒక్కోసారి గంట దాటుతుంది. మా అబ్బాయికి ఇప్పటికీ ఆ రేకుల హాలు సంగీతమే ఇష్టం. నెలకోసారి స్నేహితులతో అక్కడికి వెళ్తాడు. వెళ్ళనిస్తున్నాను.

చివరికి మా వ్యవహారం కమిటీ దాకా వెళ్ళింది అత్తమ్మ అడిగిన ఒక ప్రశ్న వల్లే. సంఘంలో ఒక పెద్దాయన చనిపోతే సమాధుల తోటకు వెళ్ళాం. మట్టి వేసి వస్తుంటే పాస్టరు గారిని ఆపి అడిగింది.

"అయ్యగారూ, నేను చస్తే నన్ను ఈడ పెడుతరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ అది అడగాల్సిన ప్రశ్నే. ఊరు మారిన క్రైస్తవులకు ఇది లోపల ఉండే టెన్షన్. తోటలు సంఘాల చేతుల్లో ఉంటాయి, సభ్యులకే చోటు. స్థలం ఎక్కడా పెరగదు, చుట్టూ ఇళ్ళు మాత్రం పెరుగుతాయి. బతికి ఉన్నప్పుడు ఎక్కడ పాట పాడినా నడుస్తుంది, ఆ రోజు మాత్రం మనిషిని ఎత్తుకుని ఎక్కడికి పోవాలి?

పాస్టరు గారు వెంటనే "అయ్యో, తప్పకుండా" అనలేదు. "కమిటీని అడిగి చెప్తానమ్మా" అన్నారు. మెదక్‌లోని మా పాస్టరేటు నుంచి ఉత్తరం తెమ్మన్నారు. అక్కడ అయ్యగారు కొత్తగా బదిలీ అయి వచ్చారు, మేమెవరమో ఆయనకు తెలియదు. మా ఆయన వెళ్ళి పాత రిజిస్టర్లు తీయించి, బాకీ ఉన్న చందా కట్టి, ముగ్గురి బాప్తిస్మం తేదీలు, పెద్దవాళ్ళ కన్ఫర్మేషన్ తేదీలు రాసి సీలు వేయించిన ఉత్తరం తెచ్చాడు. ఊరు మారేవాళ్ళు సామాను కట్టేటప్పుడే ఇది తీసుకుంటే ఈ తిరుగుడు ఉండదు.

కమిటీలో ఒకాయన గట్టిగానే అడ్డం పడ్డాడట. ఏళ్ళ తరబడి ముఖం చూపించనివాళ్ళు శవంతో వస్తున్నారు, రేపు మన పిల్లలకు చోటు ఉండదు అని. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. రెండు మీటింగులు పట్టింది. చివరికి, వేరే సంఘం నుంచి ఉత్తరంతో వచ్చి క్రమంగా ఆరాధనకు వచ్చే కుటుంబాలను సహ సభ్యులుగా రాసుకోవాలి, ఓటు, బల్ల లేకపోయినా ఇంటి ప్రార్థన, పెళ్ళి ప్రకటన, సమాధి వీళ్ళకూ ఉండాలి అని తీర్మానించారు. మాతోపాటు ఇంకో మూడు కుటుంబాలు ఆ జాబితాలోకి వచ్చాయి. వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో వస్తున్నారట, అడగడానికి మొహమాటపడి ఊరుకున్నారట.

తీర్మానం కాపీ ఇవ్వడానికి కండక్టర్ గారే ఇంటికి వచ్చారు. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివించుకుంది.

"మరి ఏ దిక్కు ఇస్తరు?"

"ముందే సీటు రిజర్వు చెయ్యం పెద్దమ్మా. ఎవరి స్టాపు వస్తే వాళ్ళు దిగుడే."

"రిజర్వు వద్దులే. వాననీళ్ళు నిలిచే తూర్పు మూల మాత్రం నాకొద్దు. ఆ మాట కూడా ఇండ్ల రాయి."

రాయలేదు. కానీ ఆ సంగతి ఆయన మనసులో పెట్టుకున్నాడు. వానలు పడకముందే ఒక శనివారం యూత్ పిల్లలను పోగేసి తూర్పు వైపు కాలువ తవ్వించాడు. ఆ సాయంత్రం మా వరండాలో పాటల క్లాసు జరగలేదు. మా అబ్బాయి కూడా పక్కింటి వాళ్ళ పార అడిగి తీసుకుని వెళ్ళాడు.